గంతల్లో సముద్రం

మా ఊళ్ళో ఎవరైనా పరుగెత్తితే ఎందుకని అడగరు. ముందు వెనకాలే పరుగెత్తుతారు. ఊరి బయట ఆగి, ఊపిరి కూడదీసుకున్నాక అడుగుతారు. ఏమీ లేదని తేలితే నాలుగు తిట్లు తిట్టి, నవ్వుకుని, మళ్ళీ వచ్చి పనిలో కూర్చుంటారు. తమిళనాట, బాణసంచా చేసే గదుల మధ్య, ఏళాయిరంపన్నైలో బతకాలంటే మొదట నేర్చుకోవలసిన విద్య ఇదే. బడిలో ఆరో తరగతి దాటని నాకు ఈ విద్యలో మాత్రం ఎప్పుడూ మొదటి మార్కే.

అటువంటిదాన్ని, పరుగెత్తవలసిన రోజుల్లో కదలకుండా కూర్చున్నాను. అదీ నవ్వుతూ కూర్చున్నాను. జబ్బు తగ్గి నొప్పి మాత్రం మిగిలిపోయినవాళ్ళు నాలాగా ఇంకా చాలామంది ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తుంటే నా గుండె దడ కూడా కొంచెం నెమ్మదిస్తుంది. నెలల పేర్లు మా పక్క తమిళానివి, తెలుగు అక్షరాలు మా తాత పలక మీద దిద్దించినవి. వంకరగా ఉంటే ఆయన్ని తిట్టండి. పోయి చాలా కాలమైంది కాబట్టి ఏమీ అనుకోడు.

మాసి నెల: దీపం ఆర్పకుండా పోయినవాడు

నేను పుట్టింది కోవిల్‌పట్టిలో. మా అమ్మ అగ్గిపెట్టెలకు కాగితం అంటించేది. మేనమామ కొడుకునే చేసుకుని ఏళాయిరంపన్నైకి వచ్చాను. మా మామ, అంటే నా మొగుడు, రోజూ బస్సెక్కి మా పుట్టినూరికే పోతాడు. అక్కడ వేరుశెనగ మిఠాయి చేసే కొట్లో బెల్లం పాకం తిప్పే పని. నేనేమో ఆయన అక్క వెంకటమ్మ వదినతో కలిసి చిచ్చుబుడ్లకు వత్తి పెట్టే పనికి పోయేదాన్ని. ఇంటికొస్తే ఆయన దగ్గర బెల్లం వాసన, నా దగ్గర బాణసంచా మందు వాసన. "ఇద్దరూ కలిసి దీపావళి మాదిరి ఉండారు" అని వదిన ఎగతాళి చేసేది.

పనిలో చేరిన మొదటి రోజు వదిన నన్ను గది వాకిట్లో నిలబెట్టి పాఠం చెప్పింది. గదికి నాలుగు పక్కలా తలుపులు. లోపలికి అడుగుపెట్టే ముందు, ఒంట్లో పుట్టే రవ్వ నేలకు దిగిపోయేటట్టు, గోడకున్న రాగి రేకును తాకాలి. ఎవరూ తలుపుకు వీపు పెట్టి కూర్చోకూడదు. తర్వాత ప్రశ్నలు అడిగింది.

"వాసనొస్తే ఏం చెయ్యాల?"

"పరుగెత్తాల."

"ఏం వాసనో చూసేకి నిలబడొచ్చునా?"

"కూడదు."

"చెప్పులు?"

"అక్కర్లే."

"గడపలో ఏముండాల?"

"ఏమీ ఉండకూడదు. నీళ్ళ బిందె గూడా. వదినా, నా మొగుడే అడ్డం నిలబడితే?"

"తొక్కేసి పో. నా తమ్ముడే గదా, సమాదానం నేను చెప్పుకుంటా."

అట్లా నవ్వుతూ నేర్చుకున్న పాఠం. ప్రతి సంవత్సరం ఆయుధపూజ అయ్యాక మళ్ళీ మొదటిసారి గదిలోకి పోయేటప్పుడు వదిన ఈ ప్రశ్నలు అడుగుతుంది, నేను జవాబులు చెబుతాను. మాకు అది మంత్రం.

తర్వాత రొమ్ములో గడ్డ వచ్చింది. మదురైలో ఎడమ రొమ్ము తీసేశారు. మందులు ఎక్కించారు, కరెంటు పెట్టారు. మా పక్క రేడియేషన్‌ను కరెంటు అనే అంటాం. జుట్టు పోయింది, వచ్చింది. ఆ సంగతులు రాయను. అవన్నీ మీరు విన్నవే. చివరకు డాక్టరమ్మ "జబ్బు లేదు" అంది. ఊరంతా వచ్చి చూసి పోయింది.

జబ్బు పోయింది కానీ నొప్పి పోలేదు. లేని రొమ్ము మండేది. అక్కడినుంచి చంక కిందకి, చంకనుంచి మోచేతి దాకా ఎండుమిరపకాయ రుద్దినట్టు. రవిక అంచు తగిలితే చాలు, కళ్ళలో నీళ్ళు. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి పోతూ దీపం ఆర్పకుండా పోయినట్టు ఉండేది నా ఒళ్ళు. మామ నా పక్కన పడుకోవడానికి భయపడేవాడు. చెయ్యి తగులుతుందేమోనని గోడకు అతుక్కునేవాడు. "నొప్పి ఉండాదా?" అనేవాడు. "ఏ నొప్పి? నీ గురక తప్ప నాకేం నొప్పి లేదు" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. పాకం తిప్పే మనిషికి ఏ క్షణాన ముదురుతుందో తెలుస్తుంది. నేను ముదురుతున్నానని ఆయనకు తెలుసు.

మాత్రలు వేస్తే రోజంతా మత్తు. వెయ్యకపోతే మంట. మందుగదికి పోవడం ఎప్పుడో ఆగిపోయింది. చివరకు మదురై డాక్టరమ్మే విరుదునగరంలో నొప్పికి చూసే ఒక ఆస్పత్రికి పొమ్మంది.

పంగుణి: విరుదునగరంలో పరుగు

నొప్పి ఆస్పత్రి వరండాలో కూర్చుంటే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. జ్వరం ఆస్పత్రిలో అయితే తగాదాలుంటాయి, వరస తప్పారని అరుపులుంటాయి. ఇక్కడ అందరూ ఏదో ఒక పక్కకు ఒరిగి, ఎవరికి వారు లోపల దేన్నో మోస్తున్నట్టు కూర్చుంటారు. గోడమీద టీవీలో బొమ్మలు కదులుతుంటాయి, శబ్దం ఉండదు. చూస్తే దాదాపు అందరూ మా పక్కవాళ్ళే. కాలిన చేతులు, కరగని మచ్చలు, మెడ తిప్పలేనివాళ్ళు. నా పక్కన మాత్రం వత్రాప్ నుంచి వచ్చిన ఒక అవ్వ. మోకాళ్ళ నొప్పి ఆమెకు. ఏమీ అడగకుండా నా ఒళ్ళో ఒక జామకాయ పెట్టింది. "మా తోటది" అంది తమిళంలో. అంతే.

లోపల నొప్పి మరిపించడం నేర్పే ఒక మేడమ్ ఉంది. కోవిల్‌పట్టి అమ్మాయే, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆమె నా ముఖానికి ఒక నల్ల పెట్టె తొడిగింది. దానికి వీఆర్ అని పేరు చెప్పింది. కళ్ళ ముందు ఒక లోకం కనిపిస్తుంది, చెవుల్లో ఒక గొంతు ఊపిరి ఎట్లా తియ్యాలో చెబుతుంది, మనసు అటు పోతే నొప్పి పిలుపు తగ్గుతుంది అంది.

"జట్కా గుర్రానికి గంతలు కట్టినట్టు" అన్నాను.

"అట్లాగే అనుకో అక్కా. కానీ దీంట్లో ఎటు కావాలంటే అటు చూడొచ్చు."

అప్పటినుంచి నాకది గంతలే.

మొదట చీకటి. తర్వాత పెద్ద గడ్డి బయలు, సాయంత్రం వేళ. చెవిలో ఒక ఆడగొంతు తమిళంలో మెల్లగా: ఊపిరి లోపలికి. బయటికి. నేను ఊపిరి వదిలినప్పుడల్లా నేలలోనుంచి ఒక చిన్న పసుప్పచ్చ చుక్క లేచేది. మిణుగురులట అవి, తర్వాత చెప్పారు. ఇంకో ఊపిరి, ఇంకో నాలుగు. ఇంకో ఊపిరి, గడ్డినిండా చుక్కలే, పైకి లేస్తున్నాయి, నా మోకాళ్ళ దాకా, నా ఒడి దాకా.

వాసన లేదు. మాకు అది ఇంకా చెడ్డది. రవ్వ కనిపించి వాసన రాలేదంటే గాలి అటు తిరిగి ఉందని అర్థం. వెనకాల ఇంకేం అంటుకుందో తెలీదు.

పెట్టె పీకి పారేసి లేచాను. చెప్పులు లేవు. వరండాలోకి వచ్చి, బయట మాకు తమిళమే కాబట్టి తమిళంలోనే "ఓడండి!" అని ఒక్క అరుపు అరిచి గేటు దాటాను. వెనక్కి చూడలేదు. రోడ్డు దాటి టీకొట్టు దగ్గర ఆగి తిరిగితే, వరండా మొత్తం నా వెనకాల ఉంది. మెడ తిరగనివాడు, చేతికి కట్టు ఉన్నవాడు, సూది గుచ్చుకున్న చేత్తో ఒకామె, అందరూ ఉత్త కాళ్ళతో రొప్పుతున్నారు. మోకాళ్ళు అరిగిపోయిన ఒక పెద్దాయన నాకంటే ముందు వచ్చేశాడు.

కట్టు ఉన్నవాడు అడిగాడు, "ఏ గది?"

నేను ఏం చెప్పను? "గది కాదన్నా. పెట్టెలో."

అందరూ వాళ్ళ ఉత్త కాళ్ళ వైపు చూసుకున్నారు. తర్వాత ఎవరో పక్కున నవ్వారు. రోడ్డుమీద నిలబడి అంతమంది రోగులు కడుపు పట్టుకుని నవ్వడం టీకొట్టువాడు జన్మలో చూసి ఉండడు. వరండాలో వత్రాప్ అవ్వ ఒక్కతే మిగిలింది. ఆమెది తోటల ఊరు, పరుగు తెలీదు. అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చుని, మేము తిరిగి రాగానే, "డాక్టర్ ఇవాళ బయట చూస్తాడా ఏమిటి, నాకెవరూ చెప్పలేదే?" అని కోపం చేసుకుంది.

మేడమ్ ముఖం మాత్రం తెల్లబోయింది. నవ్వులు అయ్యాక నా పక్కన కూర్చుని, "ఇకమీద నీకు నీళ్ళు పెడతాను అక్కా. నిప్పులాంటిది ఏదీ పెట్టను" అంది.

వైకాసి: నీళ్ళు

సముద్రం పెట్టింది. తూత్తుక్కుడి సముద్రం నాకు తెలుసు, ఇది అది కాదు. పడవలు లేవు, చేపల వాసన లేదు, మూత్రానికి కూర్చునే మగవాళ్ళు లేరు. నీళ్ళు వస్తాయి, పోతాయి. గొంతు చెబుతుంది, మంట ఎక్కడుందో చూడు, దాన్ని కొట్టకు, తరమకు, పక్కన కూర్చోబెట్టు. ఇదేం మాట అనుకున్నాను. మొగుణ్ణి తప్ప దేన్నీ పక్కన కూర్చోబెట్టి ఎరగను. కానీ నాలుగు వారాలు పోయేసరికి, నిజం చెబుతున్నాను, మంట దూరంగా జరిగింది. ఆరలేదు. పక్కింట్లో పొయ్యి వెలిగినట్టు అయింది. పెట్టె తీశాక కూడా కాసేపు అట్లానే ఉండేది.

అందుకే ఎవరైనా ఇది చెబితే ఎగతాళి చెయ్యకండి. నేను చెయ్యవలసిన ఎగతాళి అంతా చేసేశాను, మీకేం మిగల్చలేదు. అది పని చేస్తుంది.

కొన్నాళ్ళకు ఇంట్లో వాడుకోమని ఒక పెట్టె ఇచ్చి పంపారు. ఇస్తూ మేడమ్ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఇది నీ పాత నొప్పికి మాత్రమే. కొత్త చోట, కొత్త రకంగా ఏదైనా వస్తే ఇది తొడుక్కోకు. ముందు నాకు ఫోన్ చెయ్యి." సరే సరే అన్నాను.

ఇంట్లో పండగ అయింది. మాత్రలు తగ్గాయి. చేపల పులుసు పెట్టాను. మామ గోడ వదిలి ఇటు జరిగాడు. ఒకసారి నేను గంతలు తీసేసరికి నా ఎదురుగా నేలమీద కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"ఏం మామా, పని లేకుండా సుమ్మా కూర్చుండావు?"

"నువ్వు నవ్వుతా ఉంటివి. నేనెప్పుడు చూసినానో ఈ నవ్వు."

ఆ మాట నా మెడకు చుట్టుకుంది. తర్వాత జరిగినదంతా ఆ నవ్వు కాపాడుకోవడానికే.

ఆడి గాలి

ఆడి మాసంలో మా నల్లరేగడి మీద గాలి మొదలైతే తలుపులు కొట్టుకుంటాయి, కళ్ళలో మట్టి. ఆ గాలి రోజుల్లోనే అది వచ్చింది. ముందు వైపు కాదు. వీపులో, ఎడమ పక్క, రెక్క ఎముక కింద. మంట కాదు. లోపలినుంచి ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు. పాతది గాలి తగిలితే లేచేది. ఇది నేను పడుకుంటే లేచేది. పాతది అరిచేది. ఇది మాట్లాడకుండా కూర్చునేది.

కొత్త వాసన. ఒక్క పూటలో తెలిసిపోయింది నాకు. ఏళ్ళ తరబడి మందుగదిలో కూర్చున్న ముక్కు నాది.

అయినా గంతలు తొడుక్కున్నాను. సముద్రం వచ్చింది. ఆ గొంతు చెప్పినట్టే బొటనవేలును కూడా పక్కన కూర్చోబెట్టాను. అది పాపం కూర్చుంది. తీశాక మళ్ళీ నొక్కింది. మళ్ళీ తొడుక్కున్నాను. నీళ్ళు మోసినందుకు అనుకున్నాను. చలిగాలి అనుకున్నాను. దీపావళి వచ్చేస్తోంది, మామకు మిఠాయి పని ఎక్కువ, వదినకు గదిలో పని ఎక్కువ, ఇప్పుడెందుకు అనుకున్నాను. పండగ పోనీ అనుకున్నాను. డాక్టరమ్మ "లేదు" అన్న మాటను నోట్లో బెల్లం ముక్కలా పెట్టుకుని చప్పరిస్తూ కూర్చున్నాను. అది కరిగిపోతోందని తెలుసు. కొరకడానికి భయం.

ఒక రోజు ఆ సముద్రంలో వెనక్కి తిరిగి చూశాను. వెనక కూడా ఇసుక, నీళ్ళు. పక్కన ఇసుక, నీళ్ళు. ఎటు తిరిగినా ఎంతో అందంగా ఉంది. తలుపు మాత్రం ఎక్కడా లేదు.

అప్పుడైనా తియ్యవలసింది. తియ్యలేదు. పెట్టెలో ఉండే సమయం పెరిగింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మామ వచ్చే ముందు ఒకసారి, ఆయనకు నవ్వు చూపించాలి కదా. "అద్దెకు పోతివా ఆ సముద్రానికి?" అని వదిన వేళాకోళం చేసింది. "ఆమా, అవును వదినా, నీకు గూడా ఒక గుడిసె చూసి పెడతా" అన్నాను. మాటలు బాగానే వచ్చేవి. వంగి బిందె ఎత్తడం మాత్రం మానేశాను. అది గడప దగ్గరే ఉండిపోయేది.

పురట్టాసి: ఊరు పరుగెత్తిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం గురించి నాకు తెలిసింది ఇతరులు చెప్పిందే. నేను అప్పుడు సముద్రం దగ్గర ఉన్నాను.

ఊరికి పడమటి పక్క ఒక గది పేలింది. శబ్దానికి మా వీధిలో పెంకులు రాలాయట. తిండి వేళ కాబట్టి గదిలో మనుషులు లేరు, ఆ రోజు ప్రాణాలేవీ పోలేదు. కానీ అది అప్పుడు ఎవరికి తెలుసు? ఊరంతా లేచింది. అన్నం కలిపిన చేతులతో, పిల్లల్ని చంకనేసుకుని, తూర్పుకు పరుగెత్తారు. మా వీధి నిమిషంలో ఖాళీ. వదిన పని చేసేది పేలినదానికి రెండు గదుల అవతల. పరుగెత్తి పరుగెత్తి తూర్పు చెరువుగట్టున ఆగి, మనుషుల్ని లెక్క చూసుకుంటే నేను లేను.

ఊపిరి తీసే పాఠం మధ్యలో ఉన్నాను నేను. చెవుల్లో అలల చప్పుడు. ఇల్లు ఊగిందని కూడా నాకు తెలీలేదు. ఎవరో నా వీపు పట్టుకుని ఊపారు. బొటనవేలు నొక్కే చోటే ఆ చెయ్యి పడింది. నేను పెట్టిన కేక పెట్టెలోని సముద్రాన్ని చీల్చింది.

పెట్టె ఊడితే ఎదురుగా వదిన. ఉత్త కాళ్ళు, జుట్టు నిండా దుమ్ము, కనుబొమ్మల మీద చిచ్చుబుడ్లలో పోసే వెండి పొడి. మోకాలు చిట్లి నెత్తురు. గడప దగ్గరున్న నా బిందె తన్నుకుని పడిందట, ఇల్లంతా నీళ్ళు. పొగ వాసన అప్పుడు తెలిసింది నాకు.

"ఊరే పరుగెత్తింది కదే! నువ్వేమో పళ్ళికిలిస్తా కూర్చుండావు!"

"తెలీలే వదినా. వినపడలే."

ఆమె తిట్టడం ఆపేసింది. నా ముఖం చూసింది. మెల్లగా చెయ్యి మళ్ళీ వీపు మీద పెట్టింది. నేను వంకర తిరిగిపోయాను.

"నీది ముందర గదా ఉండె. ఇదేంది?"

"సుమ్మా. పట్టుకున్నాది."

"ఎప్పటినుంచి?"

పెట్టెను పైట కిందికి లాక్కున్నాను. వదిన అది చూసింది. తడి నేలమీద నా ఎదురుగా చతికిలబడింది. దగ్గు వస్తోంది ఆమెకు. దగ్గుతూనే అడిగింది.

"వాసనొస్తే ఏం చెయ్యాల?"

"వదినా, వద్దు."

"చెప్పు. వాసనొస్తే?"

"పరుగెత్తాల."

"ఏం వాసనో చూసేకి?"

"నిలబడకూడదు."

"గడపలో ఏముండాల?"

పడిపోయిన బిందె వైపు చూశాను. ఏడుపు వచ్చింది. మదురైలో రొమ్ము తీసినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

"బొమ్మలో రవ్వ చూసి ఆస్పత్రినే రోడ్డు మీదికి తెచ్చిన దానివి" అంది వదిన. "నీ వంట్లో పొగ లేస్తా ఉంటే గంతలు కట్టుకుంటివా?"

మామ కోవిల్‌పట్టిలో శబ్దం సంగతి విని, దొరికిన బండి ఎక్కి వచ్చాడు. వాకిట్లో నిలబడి ఇద్దరినీ చూసి, బతికే ఉన్నామని తేల్చుకుని, గోడ పట్టుకుని కూర్చున్నాడు. వదిన ఆయనకు రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన లేచి, మూలనున్న గుడ్డ తీసుకుని నేలమీద నీళ్ళు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

ఐప్పసి: మదురై వరండా

మేడమ్‌కు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. "ఇప్పుడైనా చెప్పావు" అని, ఆ సాయంత్రమే మదురై డాక్టరమ్మతో మాట్లాడింది.

స్కాన్ తీసే గదిలో పెట్టెలు, గంతలు ఏమీ లేవు. చల్లటి బల్ల, తెల్లటి గుండ్రం. ఆ గుండ్రంలోకి పోతుంటే తలుపు ఏ పక్కనుందో చూసుకున్నాను. కుడి పక్క. గట్టిగా నవ్వాలనిపించింది, కదలొద్దన్నారు.

ఫలితం కోసం కూర్చోవడం గురించి ఎవరూ సరిగా చెప్పరు. నేను చెబుతాను. మందుగదిలో శబ్దం వచ్చాక, పొగ తేలక ముందు, లోపల ఎవరున్నారో తెలియని ఆ కాసేపు ఉంటుంది చూడండి, అది. దాన్ని సాగదీసి రోజులు చేస్తారు. మామ టీ తెచ్చి చల్లారనిచ్చి పారబోసి మళ్ళీ తెచ్చేవాడు. పక్క కుర్చీలో పసిబిడ్డ తల్లి ఒకామె, ఎవరి కోసం వచ్చిందో చెప్పలేదు, బిడ్డను నా ఒళ్ళో పడుకోబెట్టి లోపలికి పోయింది. వాడు నా చీర పైట గుప్పిట పట్టుకుని నిద్రపోయాడు. లేని రొమ్ము మీద తల పెట్టి. మంట లేచింది. నేను కదల్లేదు. అంత మంచి మందు నాకెవరూ ఇవ్వలేదు.

వీధిలో పిల్లలు చిచ్చుబుడ్లు కాలుస్తున్నారు. పండగ దగ్గరకొచ్చింది. బయట ప్రతి సుయ్యిమనే చప్పుడుకూ మామా నేనూ ఒకేసారి తలుపు వైపు చూసేవాళ్ళం. చూసి, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా మళ్ళీ నేల చూసేవాళ్ళం.

డాక్టరమ్మ పిలిచింది. పక్కటెముకలో మచ్చ ఉందంది. జబ్బు తిరిగి వచ్చిందంది. ఒక్కచోటే ఉంది, వెన్ను దాకా పోలేదు, కరెంటు పెడదాం, మాత్రలు మారుద్దాం అంది. "ఇంకా ఆలస్యం చేసి ఉంటే?" అని మామ అడిగాడు. ఆమె కాగితాలు సర్దుతూ, "వచ్చారు కదా" అంది. ఆ జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె చెప్పని సగం ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

బయటికి వచ్చాక మామ అన్నాడు, "ఆ నవ్వు నాకోసమా?"

"ఆమా."

"ఇంగ వద్దు. నొప్పొస్తే నొప్పి ముకమే పెట్టు. నేను చూసుకుంటా. పాకం మాడితే వాసన దాస్తామా ఏంది?"

ఇప్పుడు

కరెంటు అయిపోయింది. వీపులో నొక్కే ఆ బొటనవేలు తీసేశారు. ఉండీ ఉండీ అది నొక్కిన గుర్తు మాత్రం తడుముకుంటాను. మళ్ళీ స్కాన్ ఉంది. దాని తర్వాత ఇంకోటి ఉంటుంది. ఈ జన్మకు ఇక పడమటి పక్క గదులు లేని ఊరు నాకు లేదని అర్థమైంది.

గంతలు పారేశావా అని అడుగుతారు. లేదు. పాత మంట పాత మంటే, అది నన్ను వదల్లేదు, దానికి సముద్రమే మందు. మీకూ ఇస్తే తీసుకోండి. కానీ ఒక మాట. తొడుక్కునే ముందు ఒళ్ళంతా ఒకసారి వాసన చూసుకోండి. కొత్తది ఉంటే పెట్టె కింద పెట్టి లేవండి. ఏమిటో మీరు చూడబోకండి, చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మీ పని పరుగెత్తడమే. ఊరి బయట ఆగాక ఏమీ లేదని తేలితే నవ్వుకుందాం. నవ్వడానికి టీకొట్లు చాలా ఉన్నాయి.

విరుదునగరంలో మేడమ్ నా కుర్చీని వాకిలి వైపు తిప్పి పెడుతుంది. ఇంట్లో ఒక చెవి మూసుకుంటాను, ఒక చెవి తెరిచే ఉంచుతాను. సగం సముద్రం, సగం మా వీధి. అలల మధ్యలో పక్కింటి అత్తా కోడళ్ళ తగాదా వినిపిస్తుంది. మేడమ్‌కు చెబితే, "అట్లా అయితే ధ్యానం ఎట్లా కుదురుతుంది అక్కా?" అంది. బాగానే కుదురుతుంది, తగాదా ఎక్కడిదాకా వచ్చిందో కూడా తెలుస్తుంది.

ఈ పొద్దున పనికి బయలుదేరబోతూ మామ ఆగాడు. నేను గంతలు చేతిలోకి తీసుకుని ఉన్నాను. రోజూ అడిగేదే అడిగాడు.

"వాసనేమన్నా?"

కళ్ళు మూసుకుని చూసుకున్నాను. చంక, మోచెయ్యి, లేని చోటు. వీపు. రెక్క ఎముక కింద. ఇంకా కింద. తొందరపడలేదు. బస్సు పోతుందేమోనని ఆయన కూడా తొందరపెట్టలేదు.

"పాతదే మామా."

తల ఊపాడు. చెప్పులు తొడుక్కున్నాడు. వాకిట్లోకి పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, గడప దగ్గరున్న బిందెను ఎత్తి గోడ పక్కకు జరిపి పోయాడు.